దండెం తాడు

మొన్న బావ పెద్దకర్మకి వెళ్ళి, అటునుంచి అటే రామంతాపూర్‌లో అమ్మ దగ్గరికి పోయాను. ఆ బట్టలతో లోపలికి రావద్దని అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. పెరట్లో కుళాయి కింద స్నానం చేసి, విప్పిన బట్టలు జాడించి, ఆరేయడానికి మేడమీదికి వెళ్ళాను. నీళ్ళోడుతున్న ప్యాంటుని దండెం మీద ఒక కొసకి జరుపుతుంటే వేళ్ళకి ముడి తగిలింది.

నిమ్మకాయంత ముడి. దండెం కట్టిన ఇనపరాడ్డు దాటాక మూరెడు తాడు కిందికి వేలాడుతోంది, దాని చివర ఈ ముడి. అక్కడ దానికి ఏ పనీ లేదు. ఇరవై ఏళ్ళకి పైగా అలాగే వేలాడుతోంది. పండక్కీ పబ్బానికీ వచ్చినప్పుడల్లా కళ్ళ ముందే ఉండి ఉంటుంది, ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు.

తాడు రంగు పోయింది. ఒకప్పుడు ఊదారంగు మీద పసుపు చుక్కలుండేవి. ఇప్పుడు మొత్తం బూడిదరంగు, ఎండకి పైన నూగు లేచింది. తడిసిన చోట వాసన చూశాను. సబ్బు వాసన. దాని కింద, కొంచెం ఆగితే, తడిసిన గోనెసంచి వాసన. ఆ రెండోది భువనగిరి వాసన. రైలు సీటు కింద తాడుసంచి మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆదివారాల వాసన.

\*

మేం ఐదుగురం, ఆదివారాలు తాడు కట్టుకుని బండలెక్కేవాళ్ళం. ఒకళ్ళనొకళ్ళం అసలు పేర్లతో పిలుచుకున్నది తక్కువ.

ఉత్తరకాశీ అనేవాడొకడు. అక్కడి నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సు చేసొచ్చాడు. ఆ తర్వాత వాడు ఏం మాట్లాడినా "ఉత్తరకాశీలో అయితే..." అనే మొదలుపెట్టేవాడు. టీ బాలేకపోయినా అంతే. టేఖ్లా అనే చోట బండల మీద వాళ్ళకి ఎక్కడం నేర్పారట. మాకు వచ్చిన నాలుగు ముక్కలూ వాడు నేర్పినవే కాబట్టి భరించేవాళ్ళం.

బ్యాంకోడు నిజంగానే బ్యాంకులో క్లర్కు. సామానుకి పద్దు రాసేది వాడే. కారబైనర్లు, అంటే తాడు తగిలించే కొక్కేలెన్ని, స్లింగులు, అంటే రాళ్ళకి చుట్టే పట్టీలెన్ని, ఎవరి దగ్గర ఏమున్నాయి అన్నీ పొడుగాటి నోటుబుక్కులో ఉండేవి. డాక్టరమ్మ ఫిజియోథెరపీ చదివేది. మా అందరికంటే బాగా ఎక్కేది. ఈ ముక్క ఇప్పుడు చెప్పడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు, అప్పుడు ఉండేది. నేను హిమాయత్‌నగర్‌లో డీటీపీ సెంటర్లో పెళ్ళికార్డులు కంపోజ్ చేసేవాణ్ణి.

ఇక బావ. ఎవరికి బావో ఎవరికీ తెలియదు, అందరికీ బావే. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాసేవాడు. 85 కిలోల మనిషి. ఎక్కమంటే "మీరు కానీయండి, నేను కింద ఉంటాలే" అనేవాడు. కింద ఉండడమంటే తాడు పట్టుకోవడం. మా భాషలో బిలే. పైన ఎక్కేవాడి నడుం నుంచి వచ్చే తాడు, బండ పైన రాళ్ళకి కట్టిన ఆధారం, అంటే యాంకర్‌లోంచి తిరిగి, కింద ఉన్నవాడి నడుం దగ్గరున్న రెండు కంతల అల్యూమినియం బిళ్ళలోంచి వాడి చేతికి వస్తుంది. ఎక్కేవాడు ఒక అడుగు పైకి పోతే కిందివాడు ఒక అడుగు తాడు లాగుకోవాలి. పైవాడు జారితే కిందివాడు చెయ్యి కిందికి వంచాలి, బిళ్ళ దగ్గర తాడు మడతపడి ఆగిపోతుంది. అంతే పని. గంటలకొద్దీ మెడ పైకెత్తి అది చేయాలి. మాకు ఐదు నిమిషాలకే మెడ లాగేది. బావ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అలా చూస్తూ నిలబడేవాడు.

తాడు 50 మీటర్లు, మందం 11 మిల్లీమీటర్లు. ఉత్తరకాశీ మనాలీలో పాత సామాన్లమ్మే కొట్లో కొనుక్కొచ్చాడు. తలా కొంత వేసుకున్నాం. నా వాటాకి రెండు నెలల ఓవర్‌టైమ్ పోయింది. నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు, హార్నెస్‌లు, రెండే ఉండేవి, ఒకటి ఎక్కేవాడికి, ఒకటి బావకి. హెల్మెట్ ఒక్కటే, బిల్డింగు పనుల దగ్గర పెట్టుకునే పసుపురంగుది.

తాడుని తొక్కితే బ్యాంకోడు 5 రూపాయల జరిమానా వేసేవాడు. తొక్కితే ఇసకరేణువులు పైతొడుగులోంచి లోపలికి దిగి, బరువు పడ్డప్పుడల్లా లోపలి పోగుల్ని కోస్తాయి, అది పైకి కనపడదు. ఇదంతా ఉత్తరకాశీ వివరంగా చెప్పాడు. బావకి వివరం అక్కర్లేదు. పొరపాటున కాలు తగిలితే, పుస్తకానికి తగిలినట్టే, వంగి తాడుని తాకి కళ్ళకద్దుకునేవాడు. కొన్నాళ్ళకి అందరం అలాగే చేయడం మొదలుపెట్టాం. జరిమానా మాత్రం రద్దు కాలేదు.

\*

శనివారం సాయంత్రం ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్లు. డాక్టరమ్మ హాస్టల్‌కి చేస్తే వార్డెన్ ఎత్తేది, "మీరేమవుతారు?" అనడిగేది. నేను "అన్నయ్యనండీ" అనేవాణ్ణి. ఆమెకి నలుగురు అన్నయ్యలు.

ఆదివారం తెల్లవారకముందే సికింద్రాబాద్ స్టేషన్. సంక్రాంతి వెళ్ళిన కొత్తలో చలి ఇంకా పోదు. కూలీలు చలిమంట వేసుకునేవాళ్ళు, దాని పక్కన చోటు చూసుకుని నిలబడేవాళ్ళం. ప్యాసింజర్ రైలు కదిలితే మౌలాలి గుట్ట, చర్లపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్. పాలక్యాన్లు కిటికీ ఊచలకి కొక్కేలతో వేలాడుతూ ఒకదానికొకటి కొట్టుకుంటూ పోయేవి. ఆ చప్పుడు మీదే అందరం నిద్రపోయేవాళ్ళం, బావ తప్ప. బీబీనగర్ దాటాక "లేవండి, గుండొచ్చింది" అని లేపేవాడు.

భువనగిరి గుండుని మొదటిసారి చూసేవాళ్ళు కొండ అనుకుంటారు. కొండ కాదు, ఒకే రాయి. ఊరి నెత్తిన పెట్టిన గుడ్డులా ఉంటుంది. సుమారు 500 అడుగుల ఎత్తు. పైన కోట. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే త్రిభువనగిరి అయ్యి, అదే భువనగిరి అయిందని చెబుతారు, ఇంగ్లీషువాడి నోట్లో పడి బోన్‌గిర్ అయింది. మా రైలు టికెట్టు మీద బోన్‌గిరే.

బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ. పల్లీల చట్నీ నీళ్ళగా ఉండేది, అయినా రెండుసార్లు వేయించుకునేవాళ్ళం. అక్కణ్ణించి తాడుసంచి వంతులవారీగా మోసుకుంటూ గుండు వెనకవైపుకి నడక.

\*

మేం ఎక్కింది 500 అడుగుల గుండుని కాదు. దాని పాదం దగ్గరున్న చిన్న గుండుని. ఈ పద్ధతిని సింగిల్ పిచ్ అంటారు, ఒక్క తాడు పొడవులో తేలిపోయే ఎక్కుడు. తాడు పైన యాంకర్ దగ్గర మడతపడి రెండు పేటలుగా కిందికి రావాలి కాబట్టి, 50 మీటర్ల తాడుతో 25 మీటర్లకి మించిన బండ ఎక్కలేం. ఎనిమిదంతస్తుల బిల్డింగనుకోండి.

అయితే తాడు పైన కట్టాలంటే ముందు ఎవరో పైకి పోవాలి కదా. గుండు వెనకవైపు నుంచి నడిచిపోవడానికి వాలు ఉండేది. ఉత్తరకాశీ, బ్యాంకోడు ఆ దారిన పైకి నడిచిపోయి, పెద్ద రాళ్ళకి స్లింగులు చుట్టి, యాంకర్ కట్టి, "రోప్!" అని అరిచి తాడు కిందికి విసిరేవాళ్ళు. మళ్ళీ అదే దారిన దిగి వచ్చేవాళ్ళు. అప్పుడు అందరం ముందువైపు నుంచి ఎక్కడం మొదలుపెట్టేవాళ్ళం.

గడ్డి కోసుకుని పోతూ ఒక పెద్దమ్మ ఇదంతా మొదటి నుంచి చూసింది. గడ్డిమోపు దించి మరీ కూర్చుంది.

"ఏం జేస్తుండ్రు కొడుకా?"

"ఎక్కుతున్నాం పెద్దమ్మా."

"ఆ ఇద్దరు పోరగాండ్లు ఇప్పుడే ఎక్కి దిగిరి గదా?"

"వాళ్ళు వెనకనుంచి నడిచి ఎక్కారు."

"మరి మీరు నడిచి ఎక్కుండ్రి."

"ఇటునుంచి ఎక్కాలని..."

"ఎక్కి?"

"దిగుతాం."

ఆమె కాసేపు ఆలోచించింది. "కోటకు వోవాల్నంటే అటు మెట్లున్నయ్," అని చెయ్యి చూపించి, మాకు దారి తెలియదేమోనని జాలిపడుతున్నట్టే మోపు నెత్తినెత్తుకుని పోయింది. తర్వాత్తర్వాత మాలో ఎవడు ఏ పని అడ్డదిడ్డంగా చేసినా "అటు మెట్లున్నయ్" అనడం అలవాటైంది. నేను డీటీపీ మానేసి సొంతంగా ప్రెస్సు పెడతానన్నప్పుడు కూడా బ్యాంకోడు అదే అన్నాడు. ప్రెస్సు మూతపడ్డప్పుడు మాత్రం అనలేదు.

ఇంకొకాయన గౌడ్ తాత. తాటిచెట్టు దిగి, భుజాన మోకుతో, నడుముకి లొట్టితో వచ్చాడు. వచ్చి సరాసరి డాక్టరమ్మ హార్నెస్ చూశాడు. నడుం పట్టీ, తొడల పట్టీలు, బకిల్ అన్నీ వేలితో తట్టి చూశాడు.

"మీది కొత్త మోకు లెక్కున్నది బిడ్డా."

తాడుని రెండు చేతులా పట్టుకుని లాగాడు. మొహం మారింది. "ఇది సాగుతది గదా. సాగేదాన్ని ఎట్ల నమ్ముతరు?"

ఉత్తరకాశీకి ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే పండగ. పడ్డప్పుడు తాడు సాగాలి తాతా, సాగకపోతే ఆ విసురంతా నడుం మీద పడి ఎముకలు విరుగుతాయి, సాగితే మెల్లగా ఆపుతుంది అని చేతులు తిప్పుతూ చెప్పాడు. తాత మొత్తం విన్నాడు.

"మీరు పడనీకి కట్టుకుంటుండ్రు. మేం పడకుండ ఉండనీకి కట్టుకుంటం," అన్నాడు. "పడ్డంక మోకేం జేస్తది?"

డాక్టరమ్మ ఎక్కుతుంటే చివరిదాకా నిలబడి చూశాడు. సగంలో ఆమె "టెన్షన్!" అని అరిచింది. తాడు బిగించు అని దానర్థం. తాత కంగారుపడి, "టెన్షన్ వడకు బిడ్డా, నిమ్మళంగ ఎక్కు," అని కిందనుంచి కేకేశాడు. ఆమె బండకి అతుక్కుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే కాలు జారుతుంది. జారింది. బావ చెయ్యి కిందికి వంగింది, తాడు సాగింది, ఆగింది. తాత తాడుకేసి చూసి తల ఊపాడు.

\*

గ్రానైటు మీద ఎక్కడమంటే చేతులతో వేలాడడం అనుకుంటారు. అక్కడ పట్టుకోవడానికే ఏమీ ఉండదు. బండ ఏటవాలుగా, నున్నగా, ఏనుగు పక్కలా లేచి ఉంటుంది. నమ్మాల్సింది పాదాన్ని. పీటీ బూట్ల ముందుభాగాన్ని బండకి ఆనించి, మడమ కిందికి వదిలేసి, బరువంతా దాని మీద వేయాలి. భయపడి బండని కావలించుకున్నావో, బరువు పాదం మీద నుంచి పోతుంది, సర్రున జారతావు. భయం వేసినప్పుడు బండకి దూరంగా ఉండాలన్న సంగతి ఒంటికి అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. డాక్టరమ్మకి మొదటిరోజే అర్థమైంది.

ముక్కు బండకి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూస్తే కనపడనివన్నీ అక్కడ కనపడతాయి. దూరానికి బూడిదరంగే. దగ్గరికి గులాబీరంగు గింజలు, గాజుపెంకుల్లాంటి తెల్లటివి, మధ్యలో మెరిసే నల్లటి రేకులు. గులాబీ గింజ అక్కడక్కడ బియ్యపుగింజంత బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. కింద నిలబడి చూసేవాడికి అది లేనట్టే. పైన ఉన్నవాడికి అదొక మెట్టు. దాని మీద బొటనవేలి అంచు పెట్టి, పిక్క కుట్టుమిషనులా టకటకా వణుకుతుంటే, ఇంకో గింజ కోసం వెతుక్కుంటూ ఉంటాం. నల్లటి చారలున్న చోటికి పోకూడదు, అవి వాననీళ్ళ దారులు, పాచి ఎండి ఉంటుంది. ఎండలో బాగానే ఉంటాయి కానీ చెమటచెయ్యి తగిలితే చాలు, సబ్బే. గుండు కడుపు కింద పెద్ద తేనెతుట్టెలు వేలాడే చోట అసలు గొంతే ఎత్తకూడదు. అక్కడ ఉత్తరకాశీ కూడా మాట్లాడేవాడు కాదు.

చేతి చెమటకి తెల్లపొడి కావాలి. మెగ్నీషియం కార్బొనేట్, జిమ్నాస్టిక్స్ వాళ్ళు వాడేది. అది దొరకని రోజున బ్యాంకోడు తెలివిగా ఇంట్లోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చాడు. తెల్లగానే ఉంది కదా అని. రెండు అరచేతులకీ దట్టించుకుని బండ మీద పెట్టాడు. పౌడరు చేసేదే జారించే పని. రెండడుగులు ఎక్కడం, మూడడుగులు జారడం. మల్లెపూల వాసన వేస్తూ అరగంట అలా ప్రయత్నించాడు. ఫోటో కూడా ఉంది. ఆ రోజుల్లో రీలుకి 36 ఫోటోలు, కడిగించాక చూస్తే అన్నీ కిందనుంచి తీసినవే, ఎవడి మొహమూ ఉండదు. ప్యాంటు వెనకభాగాన్ని బట్టి గుర్తుపట్టాలి. బ్యాంకోడి ఫోటోని మాత్రం బండ మీద తెల్లటి చేతిగుర్తుల్ని బట్టి గుర్తుపడతాం.

పదిన్నర దాటితే పడమటివైపు నీడ పోతుంది. బండ కాలుతుంది, బూటు రబ్బరు మెత్తబడుతుంది. అప్పుడు వేపచెట్టు కిందికి చేరి డబ్బాలు విప్పేవాళ్ళం. బావకి మా అమ్మ ప్రత్యేకంగా చిన్న సీసాలో ఆవకాయ పెట్టి పంపేది. ఒకసారి మా ఇంట్లో భోంచేసి కంచం తనే కడిగిపెట్టాడని అమ్మకి వాడంటే అభిమానం. నేను ఇప్పటికీ కడగను.

\*

ముడి సంగతి ఇంకో ఆదివారానిది. ఎండ ముదిరే రోజులు.

కొత్త చోటు చూద్దామని ఇంకొంచెం పక్కకి పోయాం. ఎక్కే దారి ఏటవాలుగా కుడివైపుకి పోతుంది. నేను మొదట ఎక్కాను. బాగా ఎక్కాను కూడా, అందుకే గుర్తుంది. పైకి చేరి, యాంకర్ దగ్గర బండని అరచేత్తో తట్టి, "లోయర్!" అని అరిచాను. బావ దింపడం మొదలుపెట్టాడు. ఎక్కడం వాలుగా ఎక్కాను, దిగడం మాత్రం యాంకర్ నుంచి నిట్టనిలువుగా దిగుతాను కదా. ఆ నిలువు కింద రెండు బండల మధ్య పల్లం ఉంది. నేను బయలుదేరిన చోటికంటే బాగా లోతు. పొదలు కమ్ముకుని పైనుంచి నేలలాగే కనపడింది.

కాళ్ళు బండకి తన్నిపెట్టి, వెనక్కి వాలి, హాయిగా నడుస్తున్నట్టు దిగుతున్నాను. ఒక్కసారిగా ఆగిపోయాను. నేలకి ఇంకా రెండు నిలువుల ఎత్తులో.

"బావా, వదులు."

జవాబు లేదు.

"స్లాక్!"

"లేదు," అన్నాడు బావ. గొంతులో ఏ మార్పూ లేదు. "అయిపోయింది."

తల తిప్పి చూశాను. తాడు మొత్తం అయిపోయింది. చిట్టచివర ఒక ముడి, అది వాడి నడుం దగ్గర బిళ్ళకి వచ్చి బిగుసుకుని ఆగి ఉంది. ఆ ముడి లేకపోతే తాడు కొస ఆ కంతలోంచి సుర్రుమని పోయేది. కింద పల్లంలో పొదల మధ్య రాళ్ళు.

బావ అక్కడ నిలబడే ఉన్నాడు. తర్వాత బండవైపుకి రెండడుగులు వేశాడు. నేను రెండడుగులు దిగాను. ఇంకో అడుగు వేశాడు, ఇంకో అడుగు దిగాను. బ్యాంకోడు పొదల్లోకి దూరి నా కాళ్ళ కింద వంగితే వాడి భుజాల మీద నిలబడి, వణుకుతున్న చేతులతో తాడు విప్పుకున్నాను.

ఆ రోజు మళ్ళీ ఎవరం ఎక్కలేదు. పెరుగన్నం తిన్నాం. ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపటికి ఉత్తరకాశీ అడిగాడు, "చివర ముడి ఎప్పుడేశావ్?" వాడు నేర్పాడు, అందరికీ. నేర్పాడే కానీ మేమెవ్వరం వేయట్లేదు, వాడితో సహా. నేల తాకుతోంది కదా, ఎందుకులే అని.

"రోజూ వేస్తా," అన్నాడు బావ. "నాన్న అలవాటు."

వాళ్ళ నాన్న కరెంటు లైన్‌మన్. స్తంభం మీదికి సామాను లాగే తాడుకి కొసన ముడి లేకపోతే కొడుకుని కూడా తిట్టేవాడట.

తిరుగు రైల్లో బ్యాంకోడు పల్లీల పొట్లం కాగితం విప్పి లెక్క వేశాడు. రెండు కొసలూ పీచు లేచాయని అంతకుముందు ఏడాది వాడే తాడుని రెండువైపులా కత్తిరించాడు. కాబట్టి 50 కాదు, 46 మీటర్లే. బావ నిలబడ్డ చోటునుంచి యాంకర్ 21 మీటర్లు. రెండింతలు 42, సరిపోతుంది. పల్లం మీద నేను ఆగిపోయేసరికి నా వైపు, ముడులకి పోయింది కూడా కలుపుకుని, 25. 21, 25 కలిపితే 46. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. కత్తిరించిన సంగతి నోటుబుక్కులో రాసుకుని కూడా గుర్తుపెట్టుకోనందుకు వాడు పడ్డ బాధ నాకు నా భయం కంటే ఎక్కువగా గుర్తుంది.

నా బరువుకి ఆ ముడి ఎంత బిగిసిందంటే మళ్ళీ ఎవరికీ రాలేదు. అలాగే ఉంచేశాం.

\*

భువనగిరి పోలేని ఆదివారాలు దుర్గం చెరువు దగ్గర. గోల్కొండ కోటకి మంచినీళ్ళిచ్చిన చెరువు. అప్పుడు చుట్టూ రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఒకదాని మీదొకటి ఎవరో ఆడుకుంటూ పేర్చి వెళ్ళిపోయినట్టుండేవి. సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. మేం బండ మీద కూర్చుని ఆ గుండ్రటి బిల్డింగుని చూసి, ఇంత దూరం వచ్చి ఎవడు ఉద్యోగం చేస్తాడ్రా అనుకున్నాం. మా దూరదృష్టి అదీ.

తర్వాత ప్రతి ఆదివారం చప్పుడు మారుతూ వచ్చింది. మొదట వడ్డెరవాళ్ళ ఉలుల చప్పుడు, టక్ టక్ టక్. తర్వాత కంప్రెసర్లు. తర్వాత విజిల్, ఎర్రజెండా, ఒక్క నిమిషం నిశ్శబ్దం, ఢాం. ఇక్కడి గ్రానైటుకి దాదాపు 250 కోట్ల ఏళ్ళట. ఒక ఆదివారం ఎక్కిన బండ మళ్ళీ నెల ఉండేది కాదు. రాళ్ళని కాపాడాలని 1996లోనే సొసైటీ టు సేవ్ రాక్స్ అని కొందరు మొదలుపెట్టారు, వాళ్ళ రాళ్ళ నడకలకి డాక్టరమ్మ మమ్మల్ని లాక్కుపోయేది. కొన్ని బండలు వారసత్వ జాబితాలోకి ఎక్కి బతికాయి. మావి ఎక్కలేదు. చెరువు మీద ఇప్పుడు కేబుల్ వంతెన, 2020లో తెరిచారు. రాత్రి లైట్లు బాగుంటాయి. దాని మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కుడిపక్కకి చూసి, అదిగో అక్కడ, అనబోయి, కారులో వినేవాళ్ళెవరూ లేక ఊరుకుంటాను.

భువనగిరి గుండు మాత్రం ఎక్కడికీ పోలేదు. మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు బ్యాంకోడు చాలా ఏళ్ళ తర్వాత ఫోన్ చేశాడు. పూర్ణకి అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్లలకి మొదట శిక్షణ ఇచ్చింది భువనగిరి గుండు మీదేనని పేపర్లో చదివి ఆగలేకపోయాడు. "మన గుండేరా! మన గుండే!" అని అరుస్తున్నాడు. వెనక వాళ్ళ బ్రాంచిలో టోకెన్ నంబరు పిలుస్తున్నారు.

\*

తాడుకి వయసైపోయిందని ఉత్తరకాశీ తేల్చేశాక, అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు పంచుకున్నాం. బ్యాంకోడు టేపు పెట్టి కొలిచి ఐదు ముక్కలు చేశాడు. చీట్లు వేస్తే ముడి ఉన్న కొస నాకు వచ్చింది. ముడిలోకి పోయిన తాడుకి బదులు జానెడు ఎక్కువ వేశాడు, పద్దు పద్దే. డాక్టరమ్మ ఉయ్యాల కట్టుకుంది. బావ తన ముక్క నాన్నకి ఇచ్చాడు.

మొన్న కర్మ భోజనాల దగ్గర నలుగురం ఒకే వరుసలో కూర్చున్నాం. బావ నిద్రలోనే పోయాడు, 52 ఏళ్ళకి. డాక్టరమ్మ వైజాగ్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చింది, మోకాలి నొప్పితో కుర్చీ అడిగి వేయించుకుంది. ఉత్తరకాశీ జుట్టంతా తెల్లబడింది. పులుసులో ఉప్పు ఎక్కువైంది. వాడు ఉత్తరకాశీలో అయితే అని మొదలుపెడతాడేమోనని మేం ముగ్గురం వాడి మొహం చూశాం. వాడు తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. లోపలి గదిలో కట్టె కుర్చీలో బావ వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నాడు, 80 దాటిన మనిషి. వెళ్ళి చేతులు పట్టుకుంటే, "తాడు పిల్లలా?" అన్నాడు. అంతే అన్నాడు.

మేడమీద ఆలస్యం చేస్తున్నానని అమ్మ మెట్లెక్కి వచ్చింది. తడిబట్టల బరువుకి దండెం మధ్యలో జారి ప్యాంటు అంచు నేలకి తగులుతోంది.

"జర బిగియ్యరాదు," అంది.

ముడి లేని వైపు కొస విప్పి, కాలు తన్నిపెట్టి లాగి, ఎనిమిది ఆకారంలో రెండు వరసలు తిప్పి కట్టాను. చేతులకి ఇంకా వస్తోంది.

"గింత పెద్ద ముడా, బట్టలకు?" అంది అమ్మ. అటుపక్క కొస చూపించింది. "ఆ ముడి ఒకటి. పోయిన్నప్పుడల్ల కొంగు వట్టుకుంటది. దబ్బనం వెట్టి ఎన్నిసార్లు చూసిన్నో, రాలే. ఎవడేసిండో గాని."

"బావ వేశాడమ్మా."

అమ్మ ఏమీ అనలేదు. ముడి పక్కన వేలాడుతున్న నా చొక్కాని కొంచెం ఇటు జరిపి, రెండు భుజాలకీ క్లిప్పులు పెట్టి, మెట్లు దిగింది.